లోడుకు కాపలా

మా షాపులో ప్రింటు తీయని కాగితమంటూ లేదు. పెళ్ళిపత్రిక నుంచి పోలీసు కంప్లయింటు దాకా, రైతు భరోసా ఫారం నుంచి విడాకుల నోటీసు దాకా అన్నీ ఈ మిషన్ మీదుగానే పోతాయి. చదవకూడదని అనుకుంటాను గానీ కళ్ళు ఊరుకోవు కదా. కడపలో కోటిరెడ్డి సర్కిల్‌కు కాస్త ఇవతల ఉంటుంది షాపు. ఎక్కువ గిరాకీ కువైటుకు పోయేవాళ్ళది. రాజంపేట, పుల్లంపేట, చిట్వేలి, రాయచోటి వైపు నుంచి పొద్దున్నే బస్సు దిగి వస్తారు. పాస్‌పోర్టు కాపీలు, మెడికల్ కాగితాలు, వీసా మూడు సెట్లు. అది ఇళ్ళల్లో పనికిచ్చే ఖద్దామా వీసానా, కంపెనీ పనికిచ్చే షూన్ వీసానా అనేది వాళ్ళు నోరు విప్పకముందే నాకు కాగితం చూస్తే తెలిసిపోతుంది. ఇన్నేళ్ళ సర్వీసు మరి.

2024 మే నెలలో, ఓట్లు వేసి ఇంకా వారం కాలేదు, వేలి మీద సిరా అట్లే ఉంది, ఒక పిల్లోడు వచ్చాడు. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ఫోన్లో పీడీఎఫ్ చూపించి "అన్నా, పద్నాలుగు పేజీలుంది, రెండు కాపీలు" అన్నాడు. తెరిచి చూస్తే ఇంగ్లీషు ఒక్క ముక్క లేదు, అంతా రష్యన్ అక్షరాలు.

"ఏందబ్బా ఇది?"

"రష్యాలో సెక్యూరిటీ హెల్పర్ పనన్నా. నెలకు లక్ష పైన ఇస్తారంట. సంతకం పెట్టి స్కాన్ చేసి పంపమన్నాడు ఏజెంటు."

"చదివినావా?"

నవ్వాడు. నిజమే, నేనడిగింది కూడా పిచ్చి ప్రశ్నే. అరబ్బీలో ఉండే కాగితాల మీద ఇన్నేళ్ళుగా సంతకాలు పెడుతున్న ఊరు మాది, రష్యన్‌కు కొత్తగా పట్టింపు ఎందుకుంటుంది? నా ఫోన్లో కెమెరా పెట్టి తర్జుమా చేసే యాప్ తెరిచాను. తెలుగులోకి మార్చినప్పుడు వచ్చింది సగం అర్థం కాలేదు, ఆ యాప్ తెలుగు దేవుడికే తెలియాలి. కానీ ఆ గందరగోళంలోనే మూడు మాటలు మళ్ళీ మళ్ళీ వచ్చాయి: సైనిక సేవ, ఒప్పందం, రక్షణ శాఖ. హెల్పర్ అనే మాట పద్నాలుగు పేజీల్లో ఎక్కడా కనబడలేదు.

అప్పటికే పేపర్లలో వచ్చింది. సూరత్ కుర్రోడు ఒకడు ఫిబ్రవరిలో డ్రోన్ దాడిలో పోయాడు. మార్చిలో హైదరాబాద్ అబ్బాయి చనిపోయిన వార్త. వీళ్ళందరికీ చెప్పింది ఇదే, హెల్పర్ పని, యుద్ధానికి దూరంగా ఉంటారు అని. దిగగానే పాస్‌పోర్టులు తీసుకుని, ఏదో నామమాత్రం ట్రైనింగ్ ఇచ్చి, ఉక్రెయిన్ సరిహద్దులో కందకాలు తవ్వడానికి పంపారు. మార్చిలోనే సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టి సోదాలు చేసింది. ఇదంతా చెప్పాను. వాడు ఓపికగానే విన్నాడు. విని, "అది ఆర్మీలో పోయినోళ్ళన్నా, ఇది సెక్యూరిటీ హెల్పర్" అన్నాడు.

ఆ రోజు ప్రింటు తీయలేదు. మిషన్ పాడైందని అబద్ధం చెప్పాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, పక్క వీధిలో ఇంకో జెరాక్సు షాపు ఉందని నాకు తెలియదా? రెండో రోజు వాళ్ళమ్మ వచ్చింది. "ఏం నాయనా, మా పిల్లోనికి ఏం చెప్పినావు నువ్వు? రాత్రంతా అన్నం తినలేదు. ఏజెంటుకు కట్టిన యాభై వేలు నువ్విస్తావా?" అని షాపులో నలుగురి ముందర అడిగింది. నా దగ్గర జవాబు లేదు, యాభై వేలు కూడా లేవు.

యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడటం అంటే మా ఊళ్ళో ఇక్కడి నుంచి మొదలు పెట్టాలి. ఇరాక్‌లో బాగ్దాద్, ఉక్రెయిన్‌లో బఖ్‌ముత్ అన్న పేర్లతో మొదలు పెడితే ఎవరూ నిలబడి వినరు. ఏజెంటుకు కట్టిన అడ్వాన్సు దగ్గర మొదలు పెడితే వింటారు, తిడతారు కూడా, కానీ వింటారు.

మా చిన్నాయన సంగతి చెప్తాను. ఆయన 1996లో కువైటు పోయాడు, హెవీ డ్రైవరుగా. ట్రైలర్లు నడిపేవాడు. 2003లో అమెరికా సైన్యం ఇరాక్‌లోకి దిగింది కువైటు గడ్డ మీది నుంచే. అంత సైన్యానికి అన్నం కావాలి, నీళ్ళు కావాలి, డీజిల్, టెంట్లు, బట్టలుతికే సబ్బు, ఎండాకాలం ఐస్‌క్రీం కూడా కావాలి. ఇదంతా సైన్యం మోసుకోదు. పెద్ద అమెరికన్ కంపెనీకి కాంట్రాక్టు ఇస్తుంది. అది ఇంకో కంపెనీకి ఇస్తుంది, అది కువైటులో లారీలున్న సేఠుకిస్తుంది, సేఠు దగ్గర డ్రైవరుగా ఉన్నది పుల్లంపేట మనిషో, పంజాబీనో, కెన్యా వాడో. మన దగ్గర రోడ్డు పని ఒకడి పేరు మీద వస్తుంది, చేసేది నాలుగో చెయ్యి, తారు పోసేది పాలమూరు కూలీ. అదే పద్ధతి. తేడా ఏమంటే ఆ రోడ్డు మీద బాంబులుంటాయి.

చిన్నాయన ఈ సంగతి ఇరవై ఏళ్ళు ఇంట్లో ఎత్తలేదు. కువైటులో ఉన్నాను, లారీ తోలినాను, అంతే. దినారు అప్పట్లో నూట యాభై రూపాయలు, ఇల్లు కట్టాడు, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, ఎవరం ఏం అడుగుతాం? ఆ పిల్లోని గొడవ తర్వాత ఒక సాయంత్రం వాళ్ళింటికి పోయి నేనే కదిపాను.

"ఇరాక్‌కు పోయినావా చిన్నాయనా నువ్వు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పొమ్మన్యారు, పోయినాం. పోకపోతే అకామా కొట్టేస్తామన్యారు" అన్నాడు. అకామా అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే పర్మిట్టు. ఇంకాసేపటికి ఆయనే అందుకున్నాడు. "బండ్లన్నీ వరసగా పోతాయి. ముందర ఒక బండి, ఎనక ఒక బండి, గన్నులు పట్టుకోని. సోల్జర్లు కాదు రా వాళ్ళు. డ్రస్సు ల్యా. నల్లద్దాలు, గడ్డాలు. జీతానికొచ్చినోళ్ళే, మా మాదిరే. వాళ్ళ ఒంటి మీద బుల్లెట్ ప్రూఫు, మా మెడ మీద తువ్వాల."

ఈ తువ్వాల మాట అన్నప్పుడు ఆయన నవ్వాడు, నేను కూడా నవ్వాను, ఇప్పుడు రాస్తుంటే నవ్వు రావడం లేదు.

2004లో ఏం జరిగిందో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. జూలైలో ఒక కువైటు కంపెనీకి లారీలు నడిపే ఏడుగురిని ఇరాక్‌లో ఎత్తుకుపోయారు. ముగ్గురు మనవాళ్ళు, ముగ్గురు కెన్యా వాళ్ళు, ఒక ఈజిప్టు మనిషి. తలలు తీస్తామని వీడియోలు పెట్టారు. టీవీల్లో వారాల తరబడి అదే. సెప్టెంబరు 1న వదిలేశారు. దానికి ఒక్క రోజు ముందు, ఆగస్టు 31న, 12 మంది నేపాలీలను చంపిన వీడియో బయటికొచ్చింది. ఆ పన్నెండు మందీ పేద ఇళ్ళ పిల్లలు, జోర్డాన్‌లో హోటల్ పని అని ఏజెంట్లు చెబితే పోయినవాళ్ళు. హోటల్ పనికి బయలుదేరి ఇరాక్‌లో అమెరికా క్యాంపు పనికి పోతూ దారిలో దొరికిపోయారు. ఖాట్మండులో మరునాడు జనం రోడ్ల మీదికొచ్చి మనుషుల్ని పంపే ఏజెన్సీల ఆఫీసులు తగలబెట్టారు, మసీదు మీద కూడా పడ్డారు, కోపం ఎటు పోవాలో తెలియనప్పుడు పక్కింటి మీదికి పోతుంది. ఆ ఏడాదే మన ప్రభుత్వం ఇరాక్‌కు కూలీలను పంపడం నిషేధించింది. కానీ కువైటు వీసా మీద ఉన్న డ్రైవరును సేఠు అటు పంపిస్తే ఢిల్లీలో వేసిన నిషేధం ఏం ఆపుతుంది?

ఆ క్యాంపుల్లో పనిచేసే వంటవాళ్ళకు, చాకలి పనివాళ్ళకు, డ్రైవర్లకు ఒక పేరుండేది, మూడో దేశం మనుషులు అని. అమెరికా వాడు కాదు, ఇరాక్ వాడు కాదు, మూడోవాడు. పాస్‌పోర్టులు కాంట్రాక్టర్ల దగ్గరే ఉండేవి. ఇది ఎంతగా ఉండేదంటే 2006లో అమెరికా సైన్యాధికారులే పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేయమని కాంట్రాక్టర్లకు ఆర్డరు వేయాల్సి వచ్చింది. ఇంకో సంగతి, ఇలా పని మీద చచ్చినా దెబ్బ తగిలినా ఏ దేశం కూలీ అయినా సరే కంపెనీ ఇన్సూరెన్సు ఇవ్వాలని అమెరికాలో 1941 నుంచీ ఒక చట్టం ఉంది, డిఫెన్స్ బేస్ యాక్ట్ అంటారు. ఆ సంగతి ఓబులవారిపల్లెలో ఎవరికి తెలుసు? నాకే నిన్న మొన్నటి దాకా తెలియదు. అమెరికా సైనికులు ఇరాక్‌లో దాదాపు 4,500 మంది చనిపోయారు, ఒక్కొక్కరి పేరు, ఊరు, వయసు, ఫోటోతో సహా దొరుకుతుంది. లారీ డ్రైవర్ల జాబితా అలా ఎక్కడా దొరకదు. యుద్ధాన్ని కంపెనీలకు ఇచ్చేస్తే వచ్చే మొదటి లాభం ఇదే, చావులు లెక్కలోకి రావు. ఓట్లు అడిగేవాడికి శవపేటికలు తక్కువ కనబడాలి.

గన్నులు పట్టుకున్నవాళ్ళ సంగతికి వద్దాం. బ్లాక్‌వాటర్ పేరు వినే ఉంటారు. 1997లో ఎరిక్ ప్రిన్స్ అనే మాజీ నేవీ మనిషి పెట్టిన కంపెనీ. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్‌లో నిసూర్ కూడలి దగ్గర ఆ కంపెనీ గార్డులు ట్రాఫిక్ మీద కాల్పులు జరిపారు. 17 మంది చచ్చిపోయారు. మన ఏడురోడ్ల కూడలిలో సాయంత్రం ఆరు గంటలకు ఎట్లుంటుందో ఊహించుకోండి, ఆటోలు, బండ్లు, పిల్లల్ని ఎక్కించుకున్న కార్లు, దాని మధ్యలో మిషన్‌గన్. చనిపోయిన వాళ్ళలో అలీ కినానీ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఉన్నాడు, నాన్న కారులో వెనక సీట్లో కూర్చున్నాడు.

ఇక్కడే అసలు విషయం. ఇరాక్‌లో వాళ్ళ మీద కేసు పెట్టడానికి లేదు. 2004లో అమెరికా పాలనాధికారి బ్రెమర్ వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఒక ఆర్డరు ఇచ్చిపోయాడు, 17వ నంబరు ఆర్డరు, కాంట్రాక్టర్లకు ఇరాక్ చట్టం వర్తించదని. ఇంకొకరి ఊళ్ళో, ఇంకొకరి బిడ్డను చంపినా ఆ ఊరి కోర్టుకు అధికారం లేదు. అమెరికా కోర్టులో పెట్టిన కేసును 2009 ఆఖరి రోజున జడ్జి కొట్టేశాడు. పైకోర్టు మళ్ళీ నిలబెట్టింది. బాగ్దాద్ నుంచి సాక్షులు విమానాలెక్కి వాషింగ్టన్ పోయి చెప్పారు, ముప్పై మంది దాకా. మన దగ్గర ఫ్యాక్షన్ కేసులో సాక్షి జమ్మలమడుగు నుంచి కడప కోర్టుకు రావడానికే భయపడేవాడు, వాళ్ళు సముద్రాలు దాటి పోయి తమ వాళ్ళను చంపినవాళ్ళ ముఖం చూసి చెప్పారు. 2014లో నలుగురూ దోషులని జూరీ తేల్చింది. 2020 డిసెంబరు 22న ట్రంప్ నలుగురికీ క్షమాభిక్ష పెట్టేశాడు. పదమూడేళ్ళు నడిచిన న్యాయం ఒక సంతకంతో పోయింది. వారం తిరిగాక ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం, కిరాయి సైన్యాల మీద పనిచేసే బృందమే, ఇది అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని చెప్పింది. చెప్పింది, అంతే. కంపెనీ మాత్రం ఈ లోపల రెండు సార్లు పేరు మార్చుకుంది, 2009లో ఒకసారి, 2011లో ఇంకోసారి. చీటీల కంపెనీలు బోర్డు తిప్పేసినట్లు.

ఫ్యాక్షన్ అన్నాను కదా, అక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. కిరాయి మనిషి అంటే ఎవరో మాకు పుస్తకం చదివి తెలుసుకునే పని లేదు. కూలి తీసుకుని కొడవలి పట్టేవాడు, ఇంకొకరి తప్పు తన మీద వేసుకుని జైలుకు పోయేవాడు, వాడి పెళ్ళాం పిల్లలకు నెలనెలా బియ్యం పంపుతానని మాటిచ్చి రెండో ఏడు మరిచిపోయే పెద్దాయన, ఈ ముగ్గురూ మా జిల్లాల్లో ప్రతి వాళ్ళకూ తెలిసినవాళ్ళే. రష్యాలో వాగ్నర్ అనే సైన్యం నడిపిన ప్రిగోజిన్ అసలు క్యాటరింగ్ వ్యాపారి. జైళ్ళలోకి పోయి ఆరు నెలలు యుద్ధం చేస్తే శిక్ష మాఫీ అని ఖైదీలకు చెప్పి, బఖ్‌ముత్‌కు తోలాడు. ఆ వార్త మొదటిసారి చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. 2023 జూన్‌లో తన దొర మీదికే తిరగబడ్డాడు, ఆగస్టు 23న విమానం కూలి చచ్చాడు. ఈ కథ కూడా మాకు తెలిసినట్లే ఉంది కదా.

ఇంకా వెనక్కి పోతే ఇంకో చేదు నిజముంది. మా నేలే ఒక ప్రైవేటు సైన్యం బిల్లు కింద జమ అయిన నేల. టిప్పు సుల్తాను దగ్గర నుంచి వచ్చిన ఈ ప్రాంతాలను నైజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఎందుకు? తన రాజ్యానికి కాపలా ఉండే కంపెనీ పటాలాలకు జీతాలు కట్టే బదులు. కడప, అనంతపురం, బళ్ళారి, కర్నూలులో కొంత. దత్తమండలాలు అన్న పేరు అందుకే వచ్చింది, దత్తం చేసిన మండలాలు. (రాయలసీమ అనే మాట 1928 నంద్యాల సభలతో గానీ రాలేదు.) లండన్‌లో వాటాదారులున్న ఒక వ్యాపార కంపెనీ సెక్యూరిటీ సర్వీసు ఇచ్చి, ఫీజు కింద జిల్లాలకు జిల్లాలు తీసుకుంది. కంపెనీ కలెక్టరు మన్రో దొర వచ్చి ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్ళను అణిచి కంపెనీకి రాబడి లెక్కలు రాశాడు. మేము ప్రేమగా తలుచుకునే బ్రౌన్ దొర, ఎర్రముక్కపల్లెలో ఆయన పేరు మీదున్న గ్రంథాలయంలో కూర్చునే నేను ఈ విషయాలు కొన్ని చదివాను, ఆయన కూడా 1820లో కడపకు వచ్చింది కంపెనీ ఉద్యోగిగానే. ఎదురు తిరిగిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరితీసి తలను కోట గుమ్మానికి వేలాడదీసింది కూడా కంపెనీ సర్కారే. కాబట్టి "బాగ్దాద్‌లో ఏదో కంపెనీ ఏదో చేస్తే మనకేం సంబంధం" అని అడిగేవాళ్ళను చూస్తే నాకు కోపం కంటే ముందు నవ్వొస్తుంది.

ఆ ప్రశ్న నిజంగానే అడిగారు, 2024 డిసెంబరు 10న. మానవ హక్కుల దినం అని మేము ఒక చిన్న మీటింగు పెట్టుకున్నాం. మేము అంటే పెద్ద సంఘమేమీ కాదు, ఒక రిటైర్డు లెక్కల అయ్యవారు, ఇద్దరు లాయర్లు, కువైటు నుంచి ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఎంబసీ ఇచ్చే కాగితం) మీద వచ్చేసిన ఒక అక్క, నేను. ఆ అయ్యవారు హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ గారి ఉపన్యాసాలు విన్న మనిషి. రాజ్యం చేసే హింసనే కాదు, మిగతా పెత్తనాలన్నీ చేసే హింసను కూడా అడగాలని 1998లో మానవ హక్కుల వేదిక పెట్టినప్పటి మాటలు ఇప్పటికీ చెప్తుంటాడు. బాలగోపాల్ గారూ లెక్కల అయ్యవారే కదా, మా అయ్యవారికి అది కొంచెం గర్వం. కరపత్రం నేనే డీటీపీ చేశాను, వెయ్యి కాపీలు, కాగితం ఖర్చు లాయర్లది. వచ్చింది పద్నాలుగు మంది. అందులో ఇద్దరు ఇంటెలిజెన్సు కానిస్టేబుళ్ళు, పాపం శ్రద్ధగా రాసుకున్నారు, ఒకాయన వాగ్నర్ స్పెల్లింగ్ కూడా అడిగాడు.

మీటింగులో నేను చెప్పింది అబూ ఘ్రైబ్ కేసు గురించి. అప్పటికి తీర్పు వచ్చి సరిగ్గా నాలుగు వారాలు. అబూ ఘ్రైబ్ జైలు ఫోటోలు 2004లో ప్రపంచమంతా చూసింది. చూడనిదేమంటే అక్కడ ఖైదీలను విచారించిన వాళ్ళలో సీఏసీఐ అనే ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు కూడా ఉన్నారని. ఆ కంపెనీ మీద సెంటర్ ఫర్ కాన్‌స్టిట్యూషనల్ రైట్స్ అనే హక్కుల సంస్థ లాయర్లు 2008లో దావా వేశారు. వేసిన ముగ్గురు ఎవరు? ఒక బడి హెడ్మాస్టరు, ఒక పండ్ల వ్యాపారి, ఒక విలేఖరి. మా షాపుకు రోజూ వచ్చే మనుషులే వీళ్ళు. కంపెనీ ఆ కేసును కొట్టేయించడానికి ఎన్నిసార్లు ప్రయత్నించిందో లెక్క లేదు, మేము ప్రభుత్వం చెప్పిన పని చేశాం, ప్రభుత్వానికున్న రక్షణ మాకూ ఉందని. 2024 వసంతంలో ఒకసారి విచారణ జరిగి జూరీ ఏకాభిప్రాయానికి రాలేక ఆగిపోయింది. మళ్ళీ మొదలు పెట్టారు. నవంబరు 12న వర్జీనియాలో జూరీ ముగ్గురికీ కలిపి 4 కోట్ల 20 లక్షల డాలర్లు కట్టమంది. పదహారేళ్ళు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఒక కంపెనీని కోర్టు బోనులో పెట్టి, పండ్లు అమ్ముకునే మనిషితో నువ్వు ఏం చేశావని అడిగించారు, అది నాకు పెద్ద విషయం.

దీన్ని విని ఒక మాజీ సైనికుడు లేచాడు. మా వైపు సైన్యం నుంచి దిగినవాళ్ళు చాలామంది బ్యాంకుల దగ్గర, ఏటీఎంల దగ్గర గార్డులుగా ఉంటారు. "మరి నేను గన్ను పట్టుకుని బ్యాంకు దగ్గర నిలబడితే అదీ తప్పేనా సార్? ఓడల మీద గార్డుగా పోతే నెలకు ఎంతొస్తుందో తెలుసా?" అని అడిగాడు. మంచి ప్రశ్న, నేను కొంచెం తడబడ్డాను కూడా. లాయరు అందుకుని సీమన్ గార్డ్ ఓహియో ఓడ సంగతి చెప్పాడు. 2013 అక్టోబరులో తూత్తుకుడి దగ్గర పట్టుకున్నారు, ఒక అమెరికన్ సెక్యూరిటీ కంపెనీది. సముద్రపు దొంగల నుంచి ఓడలకు కాపలా కాసే గార్డులు, ఓడ సిబ్బంది కలిపి 35 మంది, బ్రిటిషు వాళ్ళు, ఎస్తోనియా, ఉక్రెయిన్ వాళ్ళు, మనవాళ్ళు. అనుమతి లేకుండా ఆయుధాలు మన నీళ్ళలోకి తెచ్చారని కేసు. 2016లో అయిదేళ్ళ శిక్ష వేశారు, 2017 నవంబరులో మద్రాసు హైకోర్టు నిర్దోషులని వదిలేసింది. నాలుగేళ్ళు మన దేశంలోనే ఇరుక్కుపోయింది గార్డులు, కంపెనీ యజమానులు కాదు. తప్పంతా తుపాకీ పట్టినవాడి మీద వేయడం కూడా కంపెనీకి లాభమే. ఆ మాజీ సైనికుడు ఒప్పుకున్నాడో లేదో గానీ కూర్చున్నాడు, తర్వాత టీ తాగేటప్పుడు వచ్చి కరపత్రాలు పది అడిగి తీసుకున్నాడు.

చట్టం దగ్గర మన పరిస్థితి కూడా చెప్పాం. కిరాయి సైనికులను పెట్టుకోవడం, ట్రైనింగ్ ఇవ్వడం నేరమని 1989లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం తెచ్చింది, 2001లో అమల్లోకి వచ్చింది. అమెరికా అందులో లేదు, బ్రిటన్ లేదు, మన దేశమూ లేదు. 2008లో స్విట్జర్లాండ్‌లో మాంట్రో పత్రమని ఇంకొకటి వచ్చింది, అది చట్టం కాదు, సైనిక కంపెనీల విషయంలో ప్రభుత్వాలు ఏం చేయాలో గుర్తుచేసే కాగితం. మొదట 17 దేశాలు ఒప్పుకున్నాయి, చైనా కూడా ఉంది. మనం లేము. మన ఎమిగ్రేషన్ చట్టం 1983ది. లైసెన్సు లేని ఏజెంటు మనుషుల్ని పంపకూడదని అందులో ఉంది. పదో తరగతి పాసు కానివాళ్ళు 18 దేశాలకు పోవాలంటే క్లియరెన్సు తీసుకోవాలి, కువైటు ఉంది, ఇరాక్ ఉంది, లిబియా ఉంది. రష్యా లేదు. ఇజ్రాయెల్ లేదు. అందుకే ఆ పిల్లోడు టూరిస్టు వీసా మీద విమానం ఎక్కితే ఆపే నాథుడు ఉండడు. ఇజ్రాయెల్‌కు భవన నిర్మాణ కూలీలను ప్రభుత్వమే దగ్గరుండి పంపింది 2024లో, గాజాలో అంత జరుగుతుండగా, అప్పటి దాకా ఆ పని చేసిన పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసిన ఖాళీల్లోకి. మన కార్మిక సంఘాలు వద్దని చెప్పాయి. ఆ మార్చిలోనే అక్కడ తోటలో పనిచేసే కేరళ మనిషి ఒకడు లెబనాన్ వైపు నుంచి వచ్చిన క్షిపణికి చచ్చిపోయాడు.

రష్యా లెక్క తర్వాత విదేశాంగ శాఖే చెప్పింది, 2025 జనవరిలో. అప్పటికి 126 మంది అక్కడి సైన్యంలో చేరారు, 96 మంది తిరిగొచ్చారు, 12 మంది చనిపోయారు, 16 మంది ఎక్కడున్నారో తెలియదు. ప్రధాని 2024 జూలైలో మాస్కో పోయినప్పుడు పుతిన్‌తో మాట్లాడిన తర్వాత చాలామంది వెనక్కి వచ్చారు, అది మంచిదే. రష్యాది కంపెనీ సైన్యం కాదు, నేరుగా ఆ దేశ సైన్యమే, కానీ మన ఊరి దగ్గర ఏజెంటు, దుబాయిలో ఇంకో ఏజెంటు, యూట్యూబ్‌లో వీడియో, అర్థం కాని భాషలో ఒప్పందం, ఈ గొలుసు మాత్రం 2004లో నేపాలీలను జోర్డాన్ పేరు చెప్పి పంపిందే.

ఆ పిల్లోడు రష్యా పోలేదు. నా గొప్ప కాదు. ఏజెంటు ఫోను స్విచాఫ్ అయింది, బహుశా సీబీఐ భయానికి. యాభై వేలు పోయినాయి. ఆరు నెలల తర్వాత కువైటు వీసా కాపీ పట్టుకుని వచ్చాడు, ఒక ఇంట్లో డ్రైవరు పని, 20 నంబరు వీసా. వాళ్ళమ్మ కూడా వచ్చింది, నాతో మాట్లాడలేదు గానీ రెండు కాపీలకు చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చింది. నేను వాడికి ఒక్కటే చెప్పాను, ఇంట్లో పనికని వీసా ఇచ్చి సేఠు నిన్ను ఇంకెక్కడికైనా లారీ తోలమంటే, బార్డరు దాటమంటే, మొదట మాకు ఫోన్ చెయ్యి అని. తల ఊపాడు. చేస్తాడో లేదో. అకామా చేతిలో ఉన్నవాడి ముందర ఎవరికి నోరు లేస్తుంది?

మీటింగుకు చిన్నాయన కూడా వచ్చాడు. పిలిచాను గానీ వస్తాడనుకోలేదు. వెనక బెంచీలో కూర్చుని, మధ్యలో లేచి బయటికి పోయి బీడీ కాల్చుకుని మళ్ళీ వచ్చాడు. మాట్లాడమని అయ్యవారు రెండు సార్లు అడిగితే చెయ్యి అడ్డంగా ఊపాడు. నాకు కొంచెం నిరాశగానే ఉండింది. ఆయన ఒక్క మాట చెప్పి ఉంటే నా ఉపన్యాసం మొత్తానికంటే ఎక్కువ పనిచేసేది.

ఆ రాత్రి ఇంటికి దింపడానికి బండి మీద తీసుకుపోయాను. గడపలో కూర్చుని జేబులో నుంచి కరపత్రం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, లైటు కింద పట్టుకుని చదివాడు. ఒక చోట వేలు పెట్టాడు. నేను రాసింది ఇది: డ్రైవర్లకు రక్షణగా ప్రైవేటు గార్డులను పెట్టేవారు.

"ఇది తప్పు రా."

"ఏది చిన్నాయనా?"

"రక్షణగా అని రాసినావే. మాకు కాదు వాళ్ళు. లోడుకు. బండి చెడిపోతే పది నిమిషాలు చూసేవాళ్ళు. లోడు ఇంకో బండికి ఎక్కేదుంటే ఎక్కించేది, ల్యాకుంటే బండికి నిప్పు పెట్టి పోయేది, శత్రువుల చేతికి పోకూడదని. డ్రైవరు ఏదో ఒక బండి ఎక్కల్ల. ఎక్కినాడో లేదో చూసేటోడు ఎవుడూ ల్యా."

కొంచెం ఆగి, "ఒకసారి ఒకడు ఎక్కలే" అన్నాడు.

నేను నోట్‌బుక్ ఒకటి పెట్టుకున్నాను, మా వైపు నుంచి యుద్ధం జరిగే చోట్లకు పోయినవాళ్ళ పేర్లు, ఊర్లు, కంపెనీ, ఏడాది. దాన్ని తీశాను. ఏ ఊరు చిన్నాయనా అని అడిగాను.

"మనోడు కాదు. బంగ్లాదేశోడు. మన నోట్‌బుక్‌లో రాయకూడదా?"

రాస్తానన్నాను, పేరు చెప్పమన్నాను. చాలాసేపు ఆలోచించాడు. లోపల చిన్నమ్మ సంగటి చల్లారిపోతోందని పిలిచింది, ఆయన లేవలేదు.

"పేరు తెలీదు రా. బంగాళీ, బంగాళీ అనే పిలిచేవాళ్ళం. బండి నంబరు గుర్తుండాది."

చెప్పాడు. రాసుకున్నాను.